అరగని టైరు మంచిదేనా?

‘‘టైర్లు కొత్తవే అన్నయ్యా... గాడులు చూడు, గోరు మొత్తం దిగుతోంది!’’

మా పిన్ని కొడుకు ఈ మాటన్నది 2024 వేసవిలో. వెయ్యి సీసీ జపాన్ బండి ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొని ఇంటికి తెచ్చిన రోజున. పిన్ని హారతిచ్చింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. బాబాయి ధర విని ఆ పూట అన్నం సరిగా తినలేదు. నేను కిందికి వంగి, టైరు మీద వేలు పెట్టి చూసి, ‘‘అవున్రా, ఇంకా పదివేల కిలోమీటర్లు ఢోకా లేదు’’ అన్నాను. పేపర్లో బళ్ల గురించి రాసేవాణ్ని కదా, ఇంట్లో నా మాటకు కాస్త విలువ ఎక్కువ.

ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది.

జులైలో మొగుడూ పెళ్లాం శ్రీశైలం బయల్దేరారు. కల్వకుర్తి, డిండి... అన్నీ దాటారు. మన్ననూరు దాటాక అడవిలో సన్నటి జల్లు. దోమలపెంట తర్వాత ఘాట్ దిగుతుంటే ఓ మలుపులో బండి వెనక చక్రం ఉన్నట్టుండి పక్కకు జారింది. వేగం నలభై కూడా లేదు. వాడికి మోకాలు దోక్కుపోయింది. మా మరదలికి కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉంది. ‘‘వెనకాల లారీ లేదు కాబట్టి సరిపోయింది’’ అని పిన్ని ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

బండి మెకానిక్ దగ్గరకు వెళ్లింది. ఆయన బ్రేకులూ చూడలేదు, ఇంజనూ చూడలేదు. టైరు పక్క గోడ మీద గుడ్డతో తుడిచి ఓ నాలుగంకెలు చూపించాడు. 1117. ‘‘సార్, ఇది 2017లో పదకొండో వారంలో తయారైంది. అంటే మార్చి నెల. ఏడేళ్లు దాటింది. రబ్బరు కాదిది, కొయ్య’’ అన్నాడు. గోరుతో నొక్కి చూడమన్నాడు. నిజమే, గాడులో గోరు దిగుతోంది కానీ రబ్బరులో దిగడం లేదు. నేను చూడాల్సింది అది!

తప్పు ఎక్కడుంది? టైరు అంటే ‘అరిగిందా, లేదా’ అని మాత్రమే చూడటం మనకు అలవాటు. ఎక్కువ కిలోమీటర్లు వస్తే మంచి టైరు, త్వరగా అరిగితే చెడ్డ టైరు. సైకిళ్ల కాలం నుంచీ ఇదే లెక్క. వంద సీసీ బండి మీద ఆఫీసుకు వెళ్లొచ్చేవాడికి ఆ లెక్క చాలావరకు సరిపోతుంది కూడా. కానీ ఇద్దరు మనుషులు, రెండు సంచులు, ఐదొందల కిలోమీటర్ల దూరం, దారిలో ఘాట్లు... స్పోర్ట్ టూరింగ్ అనే ఈ బాపతు బళ్లకు అది చాలదు.

చిన్నప్పుడు మీరు వాడిన పెన్సిల్ రబ్బరు గుర్తుందా? గట్టి రబ్బరు ఏడాదంతా వచ్చేది, కానీ చెరిపితే కాగితం చిరిగేది. మెత్తనిది చక్కగా చెరిపేది, నెలకే కరిగిపోయేది. టైరు కథా అంతే. రోడ్డు పైకి నున్నగా కనిపించినా నిండా సన్నటి గరుకు ఉంటుంది. మెత్తని రబ్బరు ఆ గరుకులోకి ఒదిగి దాన్ని కరిచిపట్టుకుంటుంది. అదే పట్టు. అలా పట్టుకుంటూ వదులుతూ పోవడంలోనే అరుగుతుంది. గట్టి రబ్బరు గరుకు మీద తేలుతుంది, కాబట్టి ఎక్కువ కాలం వస్తుంది. పట్టు కావాలంటే ఆయుష్షు తగ్గాలి, ఆయుష్షు కావాలంటే పట్టు తగ్గాలి. టైర్ల కంపెనీలన్నీ ఏళ్లుగా కుస్తీ పడుతున్నది ఈ రెంటి మధ్యనే.

ఎంత మేర పట్టు గురించి మాట్లాడుకుంటున్నామో ఓసారి చూడండి. మా వాడి బండి బరువు 235 కిలోల పైనే. ఇద్దరు మనుషులు, సామాను కలిపితే నాలుగు క్వింటాళ్లు. అంత బరువూ నేలను తాకేది రెండు చోట్ల, చోటుకు అరచెయ్యంత రబ్బరు మీద!

ఈ కుస్తీలో రెండు మంచి పట్లు దొరికాయి. ఒకటి సిలికా. టైరు నల్లగా ఉండటానికి కారణం అందులో కలిపే కార్బన్ పొడి. అది రబ్బరుకు బలమిస్తుంది. అందులో కొంత తీసేసి సిలికా కలిపితే తడి రోడ్డు మీద, చల్లటి వేళ కూడా రబ్బరు బిర్రబిగుసుకోకుండా ఉంటుందని తేలింది. ఫ్రాన్స్ కంపెనీ మిచెలిన్ 1992లో కార్ల టైర్లలో దీన్ని తెచ్చింది. తర్వాత మోటార్‌సైకిళ్లకూ వచ్చింది.

రెండోది ఇంకా తమాషా అయినది. ఒకే టైరులో రెండు రకాల రబ్బరు! తిన్నగా వెళ్లేటప్పుడు నేలను తాకేది టైరు నడిమి భాగం. మలుపులో బండి వంగినప్పుడు తాకేవి అంచులు. కాబట్టి నడుమ గట్టి రబ్బరు, అంచులకు మెత్తని రబ్బరు వేస్తారు. నడుమ త్వరగా అరగదు, అంచులు గట్టిగా పట్టుకుంటాయి. మన రోడ్లకు ఇది అతికినట్టు సరిపోయే ఏర్పాటు. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద వెళ్లొచ్చేవాడి టైరు చూడండి, నడుమ బల్లపరుపుగా అరిగి ఉంటుంది. అంచుల్లో కొత్త టైరు మీది సన్నటి నూగు కూడా పోయి ఉండదు. అలా నడుమ చదునైన టైరుతో అరకు ఘాటో మారేడుమిల్లి ఘాటో ఎక్కారనుకోండి... వంగేటప్పుడు బండి ముందు మొరాయిస్తుంది, తర్వాత ఒక్కసారిగా పడినట్టు వంగుతుంది. ‘బండిలో ఏదో తేడా ఉంది’ అని హ్యాండిల్ బేరింగులు మార్పించినవాళ్లు నాకు తెలుసు. తేడా బేరింగులో కాదు, టైరు నడుములో.

ఇప్పుడు దొరికే స్పోర్ట్ టూరింగ్ టైర్లలో మిచెలిన్ రోడ్ 6, పిరెల్లీ ఏంజెల్ జీటీ 2, మెట్జెలర్ రోడ్‌టెక్, బ్రిడ్జ్‌స్టోన్ బాట్లాక్స్ టీ32, డన్‌లప్ రోడ్‌స్మార్ట్ 4 వంటివి ప్రపంచమంతా పేరున్నవి. మన దేశంలోనూ మదురైలో పుట్టిన టీవీఎస్ యూరోగ్రిప్ ‘రోడ్‌హౌండ్’ పేరుతో ఈ తరహాది తెచ్చింది. 2020లో అపాచీ ఆర్ఆర్ 310 కొన్నవాళ్లకు షోరూమ్ నుంచే మిచెలిన్ రోడ్ 5 వచ్చింది. ఈ బాపతు టైర్లు పెద్ద బళ్లకే పరిమితం కాదన్నమాట. వీటిలో ఏది గొప్ప అని అడక్కండి. నడిపే తీరు, బరువు, గాలి... వీటిని బట్టి ఒకే టైరు ఒకడికి ఎనిమిదివేల కిలోమీటర్లకే అయిపోతుంది, ఇంకొకడికి పద్నాలుగువేలు వస్తుంది. రేసు ట్రాక్ కోసం చేసిన టైరు మాత్రం జోలికి పోకండి. అది వేడెక్కితేగాని పట్టు ఇవ్వదు. వానలో టీ తాగడానికి ఆగి, చల్లారిన టైరుతో మళ్లీ బయల్దేరే మనలాంటి వాళ్లకు అది శత్రువు. పైగా నాలుగువేల కిలోమీటర్లకే చేతులెత్తేయవచ్చు.

ఇంతకీ కొనేటప్పుడు ఏం చూడాలి? టైరు గోడ మీద అంకెలన్నీ జాతకచక్రంలా కనిపిస్తాయి కానీ చదవడం తేలికే. మా వాడి వెనక టైరు మీద 190/50 జెడ్ఆర్ 17, తర్వాత 73 డబ్ల్యూ అని ఉంది. వెడల్పు 190 మిల్లీమీటర్లు. ఎత్తు అందులో 50 శాతం, అంటే 95. ఆర్ అంటే రేడియల్. రిమ్ము 17 అంగుళాలు. 73 అంటే ఆ టైరు మోయగల బరువు 365 కిలోలు. డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకోగలదని. మన రోడ్ల మీద అంత వేగంతో పనేముంది అనుకుని తక్కువ అక్షరం ఉన్నది చవగ్గా వస్తుందని తీసుకోకూడదు. నిండు బరువుతో, మే నెల ఎండలో, గంటల తరబడి వెళ్లేటప్పుడు పుట్టే వేడిని తట్టుకునే శక్తి కూడా ఆ అక్షరంలోనే ఉంది. బండి పుస్తకంలో ఏం రాశారో అదే వేయించాలి.

అన్నట్టు, లావు టైరు పిచ్చి ఒకటుంది మన కుర్రాళ్లకు. 130 ఉండాల్సిన చోట 150 బిగిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, నిజమే. కానీ ఇరుకు రిమ్ములో వెడల్పు టైరును కూర్చోబెడితే దాని అంచులు లోపలికి ముడుచుకుని గుండ్రం కాస్తా కోలగా మారుతుంది. డబ్బిచ్చి పట్టు పోగొట్టుకోవడమంటే ఇదే!

ఇక ఆ నాలుగంకెలు. డీవోటీ అనే అక్షరాల వరుస చివర ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. ఒకవైపు లేకపోతే రెండోవైపు చూడాలి. షాపులో ‘కొత్త టైరు’ అన్నా సరే, చూసే డబ్బులివ్వాలి. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టాక పెద్ద బళ్ల టైర్లకు కటకట వచ్చింది. కావలసిన సైజు ఎక్కడో ఒకటి దొరికితే చాలని తీసుకునేవాళ్లకు ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడున్నది అంటగట్టే వీలుంటుంది. అయిదేళ్లు దాటిన టైరును ఏటా తెలిసినవాళ్లకు చూపించాలి. ఎంత మందం ఉన్నా పదేళ్లు దాటితే తీసేయాల్సిందేనని కంపెనీలే చెబుతాయి. మన ఎండలకు, అందులోనూ ఆరుబయట నిలిపే బళ్లకు, నేనైతే ఆరేళ్లకు మించి నమ్మను. సెకండ్‌హ్యాండ్ బండి కొంటే బేరమాడే ముందే ఆ అంకెలు చదవండి. విదేశీ కంపెనీల జత పాతికవేలు దాటడం మామూలే కాబట్టి, బేరంలో అది మీ చేతికొచ్చే ఆయుధం కూడా.

అరుగుదలకూ ఓ గుర్తుంది. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న గట్లుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే పని అయిపోయినట్టే. ద్విచక్ర వాహనాలకు మన చట్టం ప్రకారం గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కానీ గాడి పని నీటిని పక్కకు తోయడం. వానాకాలం ముందు అంతదాకా ఆగడం నా ఉద్దేశంలో పిసినారితనమే. తొలకరి రోజుల్లో మరీనూ... నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తొలివానకు కలిసి సబ్బునురగలా తేలుతాయి. అప్పుడు ఎంత మంచి టైరైనా కాస్త తడబడుతుంది.

అన్నిటికన్నా చవకైన పట్టు గాలి. పెట్రోలు బంకులో కుర్రాడు ‘‘ఎంత సార్?’’ అంటే ‘‘నువ్వే చూసి కొట్టు’’ అంటాం! చాలా పెద్ద బళ్లకు ముందు 36, వెనక 42 పీఎస్‌ఐ. మీ బండికి ఎంతో చెయిన్ దగ్గరో సీటు కిందో అంటించి ఉంటుంది. చూసేది బండి చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే. ఇరవై కిలోమీటర్లు నడిపాక చూస్తే వేడికి ఎక్కువ చూపిస్తుంది. గాలి తక్కువైతే టైరు వేడెక్కి పాడవుతుంది. ఎక్కువైతే నేలను తాకే ఆ అరచెయ్యి కాస్తా ఇంకా చిన్నదై, నడుమ అరుగుతుంది.

మా వాడు చివరికి ముందూ వెనకా ఒకే కంపెనీ, ఒకే రకం జత వేయించాడు. షాపాయన, ‘‘మొదటి నూరు, నూట యాభై కిలోమీటర్లు నెమ్మది సార్, అచ్చు నుంచి వచ్చిన నునుపు పోవాలి’’ అని చెప్పి పంపాడు. వాడు రెండొందలు తిరిగొచ్చాడు. మా మరదలు మాత్రం కట్టు విప్పిన మూడు నెలలకుగాని ఆ బండి వెనక ఎక్కలేదు. ఎక్కేముందు తనే వంగి టైరు మీద అంకెలు చదివింది.

ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. అందరూ అంకెలు చదువుతుంటే పిన్నికీ సరదా పుట్టి, గోడ పక్కన ఉన్న బాబాయి స్కూటర్ దగ్గరకు వెళ్లింది. కొంగుతో టైరు తుడిచి, కళ్లజోడు సర్దుకుని, ‘‘సున్నా తొమ్మిది, పదకొండు... అంటే ఎప్పటిదిరా?’’ అంది. 2011 ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో అని చెప్పాను. వరండాలో పేపరు చదువుకుంటున్న బాబాయి తలెత్తకుండానే అన్నాడు.

‘‘గాడులు చూడండ్రా ముందు. ఒక్కటైనా అరిగిందా?’’