ఎక్స్‌రే చీటీపై ఎవరి సంతకం?

పుదుచ్చేరి గోరిమేడులోని జిప్మర్ ఆసుపత్రి చిరునామా పుదుచ్చేరిదే గాని, పగ్గాలు మాత్రం ఢిల్లీలో కేంద్ర ఆరోగ్యశాఖ చేతిలో ఉన్నాయి. 1964లో నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన ఈ సంస్థకు 2008లో పార్లమెంటు ప్రత్యేక చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం కల్పించింది. 2024లో మన యానాంలోనూ దాని యూనిట్ ఏర్పడింది. కనుక అక్కడి క్యాజువాలిటీలో తలెత్తే చిన్న ప్రశ్న సైతం చివరకు రాజధాని గడప తొక్కవలసిందే.

ప్రశ్న ఇది. స్కూటరుపై నుంచి పడి మణికట్టు వాచినవాడు, మెట్టు జారి చీలమండ మెలికపడిన వృద్ధురాలు వచ్చినపుడు, వారిని మొదట చూసే నర్సే ఎక్స్‌రేకు చీటీ వ్రాయరాదా? మన ప్రభుత్వాసుపత్రుల ఆనవాయితీ ప్రకారం డాక్టరు సంతకం ఉండాలి. గుండెపోటు, తలకు దెబ్బ వంటి కేసులు వచ్చిపడుతూండగా డ్యూటీ డాక్టరుకు వాచిన చీలమండ చివరి పని కావడం సహజం, న్యాయం కూడా. ఫలితంగా రోగికి రెండు నిరీక్షణలు: చీటీ కోసం ఒకటి, ఎక్స్‌రే వచ్చాక డాక్టరు కోసం మరొకటి. ఆ మొదటిది తప్పించవచ్చుననేదే వాదం.

బ్రిటన్‌లో ఇది వింత కాదు. అక్కడి 2017 నాటి రేడియేషన్ నిబంధనల మేరకు, యాజమాన్యం అధికారమిచ్చిన రిజిస్టర్డ్ నర్సు ఎక్స్‌రే కోరవచ్చును. నర్సులు అందరినీ అనవసరంగా పంపుతారేమోనన్న శంకకు కెనడా వైద్యులు 1992లో ప్రకటించిన ఒట్టావా సూత్రాలు కొంత సమాధానం. చీలమండ ఎముక వెనుక అంచునగాని, కొనన గాని నొక్కితే నొప్పి ఉన్నదా? గాయపడిన వెంటనే, ఆసుపత్రికి వచ్చాక కూడా, నాలుగడుగులు వేయలేకపోయారా? ఇవేవీ లేని పెద్దలకు చీలమండ ఎక్స్‌రే సాధారణంగా అక్కరలేదు. శిక్షణ పొందిన నర్సు ఈ పరీక్ష చేయగలదు. (ఢిల్లీ ఫైళ్ళకూ ఈ నాలుగడుగుల పరీక్ష పెడితే ఎన్ని నెగ్గుతాయో!)

2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్ డాక్టర్లు కానివారికి పరిమిత లైసెన్సుకు వీలు కల్పించగా, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వీధికెక్కింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానే 2023లో నర్సింగ్ కమిషన్ చట్టమూ వచ్చింది. డాక్టర్ల అభ్యంతరాన్ని కేవలం వృత్తి అసూయగా కొట్టివేయడం తగదు. ఎముక విరగకున్నా రక్తనాళం దెబ్బతిని ఉండవచ్చు. పసివారి ఎముకల ఎదుగుదల భాగంలోని గాయం చిత్రంలో కనబడకపోవచ్చు. కనుక పెద్దలకు మాత్రమే, మోచేతి దిగువ, మోకాలి దిగువ గాయాలకు మాత్రమే పరిమితం చేసి, శిక్షణ ముగించిన నర్సుల పేరిట లిఖిత ఉత్తర్వు ఇవ్వడం ఉచితం.

ఆ లిఖిత ఉత్తర్వు మీదనే పట్టుబట్టాలి. రద్దీవేళ ఎవరిని ముందు పంపాలో తేల్చే భారం ఇప్పటికే నర్సులపై పడుతున్నది. నోటిమాటగా 'కానివ్వండి' అని పని చేయించుకొని, పొరపాటు దొర్లినపుడు సంజాయిషీ నోటీసు ఆమెకే అందజేసేటట్లయితే, ఈ సంస్కరణ రాకపోవడమే మేలు.