పందిరి గుంజకు రంగు

దొండ పందిరి కూలినప్పుడు గాలివానను నిందించుట మన ఇళ్లలో వాడుక. విరిగిన గుంజను మేము చూచినప్పుడల్లా పైభాగము గట్టిగానే యుండును. నేలను తాకిన జానెడు చోటే పుచ్చిపోయి యుండును. తడి, గాలి రెండును కలియునది అక్కడనే గనుక బూజు అక్కడ పట్టును. చెదలు ఎక్కునదియు అక్కడినుండియే. మనమేమో కంటికి కనబడు భాగమునకు రంగు వేసి సంతోషింతుము!

పచ్చికొయ్యకు రంగు వేసినయెడల తడి లోపలనే చిక్కుకొని, రంగు పొక్కులై ఊడును. బెరడు తీసి, వేసవి అంతయు ఎండనిచ్చి, మొదలుకు నేలపైకి జానెడు వచ్చునట్లు తారు రెండుసార్లు పట్టించుడి. కోసిన కొసను మరువకుడి, నీటిని ఎక్కువగా త్రాగునది అదే. గుంజను రాతిమీద నిలిపి ఇనుప పట్టీతో బిగించగలిగితే ఇంకను మేలు.

పాత గేటు రంగు గీకునప్పుడు మాత్రము జాగ్రత్త. ఇళ్ల రంగులలో సీసము పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదను నియమము 2017 నవంబరులో గాని అమలులోనికి రాలేదు. అంతకు ముందటి రంగులో సీసము ఎక్కువగా ఉండవచ్చును. ఆ పొడి పిల్లల మెదడుకు హాని. పిల్లలను దూరముగా పంపి, తడిపి గీకుడి. అట్టి చెక్కను పొయ్యిలో పెట్టకుడి.