కౌమారమునకు దిక్కెవరు?

ప్రతి వేసవియందును బెజవాడ కూడళ్లలో ఇంటర్మీడియేటు ఫలితములు పెద్ద పెద్ద పటములకెక్కును. ఎవరికెన్ని మార్కులు వచ్చెనో, ఎవరికే ర్యాంకు దక్కెనో దారిన పోవువారెల్లరును నిలిచి చదువుకొందురు. ఆ ముఖములలో రక్తమెంత యున్నది, ఆ కన్నులకు నిద్ర యెంత దొరకినది అని యడిగినవారిని మేము చూడలేదు. మన పిల్లల మార్కులు మనకు కంఠస్థములు. వారి దేహస్థితి మాత్రము మనకు పరాయి విషయము.

ప్రపంచారోగ్యసంస్థ 10 మొదలు 19 ఏండ్ల వరకు గల ప్రాయమును కౌమారమని హద్దులు గీచినది. 2011 జనాభా లెక్కలలో ఈ ప్రాయమువారు మన దేశమున రమారమి 25 కోట్ల 30 లక్షలుగా తేలిరి. ఈ పదేండ్లలో మనుష్యుడు రెండవ మారు పుట్టుచున్నాడనిన అతిశయోక్తి కాదు. ఒడ్డును పొడవును పెరుగును, ఎముక గట్టిపడును, బాలునకు గొంతు మారును, బాలికకు ఋతుధర్మము ప్రారంభమగును. రక్తము వృద్ధి పొందవలసి యుండుటచే ఇనుముతో అవసరము హెచ్చును. నెలనెల రక్తము పోవుటచే బాలికకు అది మరింత హెచ్చును. కోరికలును కోపతాపములును ముందుగా తలయెత్తును. వానికి కళ్లెము వేయు వివేకము మెదడు పరిపక్వమగుకొలదిని ఇరువదియైదేండ్ల వరకు మెల్లమెల్లగా వచ్చును. ఇట్టి సంధికాలమున మన యిండ్లలో దొరకు ఉపదేశమెట్టిది? బాలికకు ‘నోరు మూసికొనుము’, బాలునకు ‘పుస్తకము తెఱువుము’. వైద్యశాలకు పోయిన యెడల పసిబిడ్డల వైద్యునకు వీరు పెద్దవారు, పెద్దల వైద్యునకు వీరు పిల్లలు.

ఇది మేము కోపముతో కల్పించిన మాట కాదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే మన ఆంధ్రప్రదేశమును గూర్చి చెప్పినది వినుడు. పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల బాలికలలో నూటికి 60 మంది రక్తహీనులు. ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిదేండ్లు నిండకమునుపే పెండ్లి యైనది. పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల బాలికలలో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులో గర్భవతులో యైరి. దేశమంతటిని కలిపి చూడగా ఈ కడపటి రెండంకెలును 23, 7. అన్నపూర్ణయని మనము చెప్పుకొను సీమ దేశపు సగటు కన్న వెనుకబడినది!

1855 నాటి ఆనకట్టతో కృష్ణమ్మ మన పొలములకు మళ్లినది. ధాన్యమునకు కొఱత లేదు. అయినను తవుడు పోయిన తెల్లని బియ్యపుటన్నమే భోజనమైనచోట, ఆకుకూరయు పప్పును నామమాత్రమైనచోట, అన్నముతోడనే టీ త్రాగి ఆ కొంచెము ఇనుమును ఒంటబట్టనీయనిచోట, అందరును తినిన పిమ్మట మిగిలినది తినుటయే ఆడుదాని ధర్మమైనచోట గాదెలు నిండియు దేహములు ఎండుటలో వింత యేమున్నది?

‘కాలము మంచిది కాదు, ఆడుపిల్లకు పెండ్లియే రక్ష’ యని పెద్దలనెదరు. ఈ వాదము మనకు క్రొత్త కాదు. 1929లో శారదా చట్టము బాలికలకు పదునాలుగేండ్ల హద్దు పెట్టినపుడును ధర్మము మునిగినదని గగ్గోలు పెట్టిరి. ధర్మము మునుగలేదు. 1978లో ఆ హద్దు పదునెనిమిది యైనది. 2006లో బాల్యవివాహనిషేధమునకు క్రొత్త చట్టమును వచ్చినది. చట్టము పెరిగినది గాని ఇంటి పెద్ద మనస్సు పెరుగలేదు. కటి యెముకలు పూర్తిగా విప్పారని దేహమునకు ప్రసవభారము మోపినచో ప్రసవము కష్టమగును, బిడ్డ బరువు తగ్గును, తల్లి ప్రాణమునకే ముప్పు వచ్చును. దీనిని రక్ష యనువారు శిక్ష యనుటకు దేనిని మిగిల్చిరి?

పెండ్లి సంగతి యటుంచి, ఊరి పెద్దరికము మన బాలికలను ఎంతమాత్రము కాచుచున్నదో చూతము. డెల్టా పచ్చదనము ముగిసి కొండలు మొదలగు తావున మైలవరమున్నది. ఒకనాడు అది జమీందారీకి ముఖ్యస్థానము. దాని నాటకసమాజము ఆంధ్రదేశమున పేరొందినది. రంగస్థలముపై రాణుల కష్టమునకు కన్నీరు విడిచిన ఆ ప్రజ పొరుగింటి పేదబాలిక కష్టమును చూచినదా?

1999 నవంబరు 24వ తేదీన అమెరికాలోని బర్క్‌లీ పట్టణమున ఒక అద్దెయింట విషవాయువు నిండి పదునేడేండ్ల తెలుగు బాలిక మరణించినది. పదునైదేండ్ల ఆమె చెల్లెలు బ్రతికి బయటపడినది. ఆ యింటి యజమాని మైలవరము చెంతనున్న వెల్వడమునుండి పోయి అచ్చట గొప్ప ఆస్తి గడించిన లకిరెడ్డి బాలిరెడ్డి. మైనరు బాలికలను కామార్థము దేశము దాటించుట, వలసచట్టమును మోసగించుట అను నేరములను ఆయన 2001లో న్యాయస్థానమున ఒప్పుకొనెను. 97 నెలల చెరశిక్ష పడినది. 1998లో మైలవరమున వెలసిన ఇంజనీరింగు కళాశాల ఆయన పేరిటిదే. దానమిచ్చు చేతిని ఊరు చూచినది. ఆ చేతిలో చిక్కిన బాలికలను చూడలేదు.

ఈ కథలో మమ్ము మిక్కిలి సిగ్గుపఱచునది వేఱొకటి గలదు. చనిపోయిన పిల్ల పదునేడేండ్లదైయుండి బడిలో ఏల లేదని మొట్టమొదట ఆరా తీసినది పెద్దలు గారు. బర్క్‌లీ హైస్కూలులో చదువుకొనుచున్న ఇద్దరు విద్యార్థినులు ఆ ప్రశ్న నడిగి, కొలది వారములలో తమ బడి పత్రికయందు ఆ దాస్యమును బయటపెట్టిరి. ఖండాంతరమున తోటి ప్రాయము బాలికలకు తట్టిన ఆ ప్రశ్న ఇచ్చటి బంధువులకు, ఉపాధ్యాయులకు, గ్రామపెద్దలకు ఏల తట్టలేదు? ఈ పిల్ల బడికేల రాలేదు, ఏల చిక్కిపోయినది, ఏల మాటాడకున్నది అని అడుగుటయే కౌమారరక్షణకు మొదటి మెట్టు. అది ఖర్చులేని వైద్యము. దానినే మనము చేయకున్నాము.

ప్రభుత్వము ఏమియు చేయలేదని మేమనము. 2014 జనవరి 7వ తేదీన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము ప్రారంభమైనది. వారమునకొక ఇనుపమాత్ర, ఏడాదికి రెండు మారులు నులిపురుగుల మందు, కౌమారులకు ప్రత్యేక సలహాకేంద్రములు అను యోచన దాని చుట్టునే యల్లుకొన్నది. 2021లో రాష్ట్రమున ‘స్వేచ్ఛ’ పేరిట సర్కారు బడుల బాలికలకు నెలకు పది చొప్పున శానిటరీ నాప్‌కిన్లు ఇచ్చుట మొదలైనది. 2025 జనవరిలో సర్కారు జూనియరు కళాశాలలకును మధ్యాహ్నభోజనము వచ్చినది. ఇవన్నియు మంచివే. కాని మాత్ర పంచుట వేఱు, మాత్ర మింగించుట వేఱు. కడుపులో వికారము పుట్టినచో ఏమి చేయవలెనో చెప్పు దిక్కులేనిచో ఆ మాత్ర కిటికీలోనుండి బయట పడును. దస్తరములో మాత్రము అది మింగినట్లే లెక్కకు వచ్చును.

బాలుర దుఃఖము మఱియు మూగది. మగవాడు ఏడ్వరాదనుచు వాని నోరు కట్టితిమి. దేహమందలి మార్పును గూర్చి తండ్రి చెప్పడు, మాస్టరు చెప్పడు. చేతిలోని ఫోను చెప్పును, తప్పుగా చెప్పును. తెల్లవారుజాము మొదలు రాత్రి వరకు బల్లకు కట్టివేయు వసతి కళాశాలలలో ఆటస్థలము విలాసమైనది, నిద్ర నేరమైనది. ఫలితములు వెలువడిన దినములలో ప్రాణములు తీసికొన్న బిడ్డల వార్తలు ఏటేట మన పత్రికల కెక్కుచున్నవి. పరీక్ష తప్పినది పిల్లలా, మనమా? మనోవేదనకు 14416, ఆపదలోనున్న బాలలకు 1098 అను టెలిఫోను సంఖ్యలున్నవి. అవి ప్రతి తరగతి గోడపైనను, ప్రతి హాస్టలు తలుపుపైనను ఉండవలయును.

1921లో బెజవాడలో కూడిన కాంగ్రెసు మహాసభాసంఘము దేశమునకు ఆవేశమును మాత్రమే యీయలేదు, అంకెల నిచ్చినది: కోటి రూపాయల నిధి, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నములు, జూను 30వ తేదీ గడువు. లెక్కయు గడువును లేని దేశసేవ కబురు మాత్రమేయని ఆనాటి పెద్దలెఱుగుదురు. మైలవరమునకు మేము కోరునదియు అట్టి లెక్కయే. ఈ విద్యాసంవత్సరము ముగియులోపల ప్రతి బడిలోను ప్రతి పిల్లకు, ప్రతి పిల్లవానికి రక్తపరీక్ష జరుగవలయును. తక్కువైనవారికి మూడు మాసములకు మరల జరుగవలయును. సర్కారు ఆస్పత్రిలో వారమున కొకదినము కౌమారులకే కేటాయించి, చాటుగల గదియు, బాలికలకు స్త్రీవైద్యురాలును ఏర్పఱుపవలయును; అచ్చట చెప్పినమాట వీధికెక్కరాదు. బడి మానిన ప్రతి బాలిక పేరును పంచాయతి వ్రాసికొని కారణము విచారింపవలయును. ఈ లెక్కలను పఠనాలయము గోడపై అంటింపవలయును. ర్యాంకులు చదువు కన్నులు ఇవియును చదువుగాక!

1947లో దేశమునకు స్వరాజ్యము వచ్చినది. తన దేహమునకు ఏమగుచున్నదో తెలియని బాలికకును, తన మనస్సునకు ఏమగుచున్నదో చెప్పరాని బాలునకును అది ఇంకను రాలేదు. చదువరులారా! ఈ పత్రికను మడిచి ఇంటికి పోయినంతనే మీ బిడ్డను మార్కులడుగకుడు. తిన్నావా, నిద్రించితివా, నీకేమి బాధ యని యడుగుడు. అడిగి, బదులు వచ్చువరకు ఓపికతో కూర్చుండుడు.