అతిధ్వని పరికరాలు: సిఫారసుకు ముందు పరీక్ష అవసరం

ఎలుకలను తరిమే అతిధ్వని పరికరం కొనవచ్చునా అని రైతు అడిగినప్పుడు "వాడి చూడండి" అని ఊరుకోవడం సులభం. అది విస్తరణ శాస్త్రవేత్త చెప్పదగిన సమాధానం కాదని నా అభిప్రాయం.

20,000 హెర్ట్జ్‌లకు మించిన పౌనఃపున్యం గల ధ్వనులు మనకు వినిపించవు, ఎలుకలకు వినిపిస్తాయి. కాబట్టి ఈ పరికరాల వెనుకనున్న ఆలోచన పూర్తిగా నిరాధారం కాదు. అయితే అతిధ్వని గాలిలో త్వరగా క్షీణిస్తుంది. గోడలను, ధాన్యపు బస్తాలను, బొరియలలోని మట్టిని దాటి పోలేదు. పైగా హాని చేయని శబ్దానికి ఎలుకలు కొద్ది రోజులలోనే అలవాటుపడతాయి. ఈ పరికరాల ప్రకటనలకు శాస్త్రీయ ఆధారం ఉండాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లో 60కి పైగా తయారీదారులను, విక్రేతలను హెచ్చరించింది. పరికరాన్ని నమ్మి సామూహిక ఎలుకల నివారణను వాయిదా వేసిన రైతు దాని ధరతోపాటు పంటను కూడా నష్టపోతాడు.

అలాగని అతిధ్వనులను తోసిపుచ్చడం మరొక పొరపాటు. గేదెలలో స్కానింగ్ ద్వారా సుమారు 30 రోజులకే చూడి నిర్ధారణ సాధ్యం. చూడి కట్టని పశువును ముందే గుర్తిస్తే ఈతల మధ్య వ్యవధి తగ్గుతుంది. చేతితో గర్భకోశాన్ని పరీక్షించే వీలులేని గొర్రెలు, మేకలలో దీని ప్రయోజనం మరింత ఎక్కువ.

నీటిమట్టాన్ని కొలిచే సెన్సార్లు కూడా ఉపయోగకరమైనవే. కాని గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు, 40 డిగ్రీల వద్ద సుమారు 355 మీటర్లు. ఉష్ణోగ్రతా సవరణ లేని సెన్సారు మీటరు దూరంలో 3 సెంటీమీటర్లకు పైగా తప్పు చూపగలదు. నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల దిగువకు చేరినప్పుడు వరికి తడి ఇచ్చే పద్ధతిలో ఇది ఉపేక్షించదగిన తప్పు కాదు.

విత్తనాలను అతిధ్వనికి గురిచేసి మొలక శాతాన్ని పెంచిన ప్రయోగశాల ఫలితాలు ఉన్నాయి. తగిన తీవ్రత, వ్యవధి పంటను బట్టి మారతాయి. మోతాదు మించితే విత్తనమే దెబ్బతింటుంది. పళ్ళెంలోని మొలకను చూసి పొలంలోని దిగుబడికి హామీ ఇవ్వరాదు.

మన విద్యార్థులు ఈ లోటును పూరించగలరు. ఒకే తీరు గిడ్డంగులను ఎంచుకొని, కొన్నింటిలో పరికరాన్ని నడిపి, మిగిలిన వాటిలో ఆపి ఉంచి, కొన్ని వారాలపాటు ఎలుకల ఎర వినియోగాన్ని, సజీవ బొరియలను లెక్కించాలి. ఖర్చు స్వల్పం. అటువంటి ఫలితం చేతికి వచ్చేవరకు రైతుకు "కొనవద్దు" అని స్పష్టంగా చెప్పడమే మన బాధ్యత.