కేదార్‌కంఠ శిఖరయాత్ర

హిమాలయ యాత్ర అనగానే మనవారికి ముందుగా స్ఫురించేవి కేదారనాథ, బదరీనాథ క్షేత్రాలు. అవి వెలసిన ఉత్తరాఖండ్ రాష్ట్రంలోనే, ఉత్తరకాశీ జిల్లాలో, మన ప్రాంతంలో అంతగా ప్రచారం పొందని శిఖరం ఒకటి ఉన్నది. దాని పేరు కేదార్‌కంఠ. ఎత్తు సుమారు 3,810 మీటర్లు. పర్వతారోహణలో శిక్షణ లేనివారు సైతం కాలినడకన చేరగలిగినది కావడంతో, మంచుపై నడవాలని ముచ్చటపడే వారెందరో శీతకాలంలో అక్కడికి వెళుతుంటారు. ఎల్.టి.సి. సెలవులలో హిమాలయ సీమను దర్శించదలచిన ఉద్యోగ సోదర సోదరీమణులకు ఈ మాసం ఆ శిఖరాన్ని పరిచయం చేస్తున్నాము.

డెహ్రాడూన్ నుండి ఘాట్ రోడ్డుపై సుమారు 200 కిలోమీటర్లు ప్రయాణిస్తే సాంక్రి గ్రామం వస్తుంది. నడక అక్కడే మొదలు. దాదాపు 1,950 మీటర్ల ఎత్తున గల ఆ గ్రామం మన తూర్పు కనుమల శిఖరాలన్నింటికంటె ఎత్తైనది! అడవి దారిన మొదటి మజిలీ, సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఉన్న జూడా కా తాలాబ్ అనే సరస్సు. మరునాటి మజిలీ సుమారు 3,400 మీటర్ల వద్ద. అక్కడి నుండి తెల్లవారక ముందే బయలుదేరి శిఖరం చేరుతారు. పైనుండి చూస్తే బందర్‌పూంఛ్, కాలానాగ్, పాండవుల మహాప్రస్థాన గాథతో ముడిపడిన స్వర్గారోహిణి పర్వతాలు కనువిందు చేస్తాయి.

అయితే ‘సులభమైన శిఖరం’ అన్న పేరు విని తొందరపడరాదని మా మనవి. ఆ ఎత్తున గాలి పీడనం సముద్రతీరంలో ఉండే దానిలో సుమారు 63 శాతం మాత్రమే. ప్రతి శ్వాసలోను ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. దానికి అలవాటుపడటానికి శరీరానికి వ్యవధి కావాలి. 3,000 మీటర్లు దాటిన పిమ్మట, రాత్రి నిద్రించే చోటు ముందు రాత్రికంటె 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదని వైద్యులు సూచిస్తారు. పైన చెప్పిన రెండు మజిలీల నడుమ తేడా 700 మీటర్లు! కనుక దారిలో ఒక రాత్రి అదనంగా గడిపేటట్లు సెలవు పెట్టుకొనడం శ్రేయస్కరం.

తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, తల తిరగడం వంటి లక్షణాలు కనిపిస్తే దాచిపెట్టక తోటివారికి చెప్పాలి, అక్కడే ఆగాలి. తగ్గకపోతే దిగిరావాలి. నడక తూలినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా, అర్ధరాత్రి అయినా సరే, వెంటనే క్రిందికి తీసుకురావాలి. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు బయలుదేరే ముందే వైద్యుని సంప్రదించాలి.

హెల్మెట్ లేనిదే షాపులో అడుగుపెట్టని క్రమశిక్షణ మనది. సెలవులలోను దానిని వెంట తీసుకువెళదాము. శిఖరం చేరకుండా వెనుదిరిగినవారు మరో ఏడు మళ్ళీ వెళ్ళవచ్చును. ఇంటిల్లిపాది క్షేమంగా తిరిగి రావడమే ముఖ్యం.