ముందు సంగతి, తర్వాత దండాలు

సూరత్‌లోని లింబాయత్, ఉధనా వైపు మరమగ్గాల మీద బతుకుతున్న మన పద్మశాలీలు చాలామంది 12 గంటల షిఫ్టు చేస్తారు. మగ్గాల హోరులో ఫోన్ మోగినా వినపడదు. టీ తాగే కాస్త వ్యవధిలోనే వాట్సాప్ గ్రూపు చూసుకోవాలి. కంటి శిబిరం కబురు అక్కడ దండాలతో, పెద్దల పేర్లతో, పూల బొమ్మలతో మొదలైతే తేదీ, చోటు ఎక్కడో అడుగున పడిపోతాయి. చూడలేదని వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. 2020 లాక్‌డౌన్‌లో రైలు ఎప్పుడు, పేరెక్కడ రాయించుకోవాలి అన్న రెండు ముక్కల కోసం ఇదే నగరంలో వలస కార్మికులు ఎంత అల్లాడారో మరవకూడదు.

క్లుప్తంగా రాస్తే పెడసరంగా ఉంటుందని కొందరి అభ్యంతరం. అది కొట్టిపారేసేది కాదు, పెద్దలున్న చోట పొడిమాట నొప్పిస్తుంది. కానీ ఆ గౌరవానికి ‘అన్నలారా, అక్కలారా’ అన్న పిలుపు చాలు. ‘ఆదివారం ఉదయం 10కి కంటి పరీక్షలు, ఆధార్ తెండి’ అని ముందు చెప్పేస్తే, వివరాలు కింద ఎన్నైనా రాయొచ్చు. 2013 జులైలో ఆగిపోయిన టెలిగ్రామ్‌కు మాటల లెక్కన డబ్బు కట్టేవాళ్లం కాబట్టి పొదుపు దానంతటదే వచ్చేది. ఇప్పుడా ఖర్చు చదివేవారి విరామంలోంచి పోతోంది. చదువు రానివారికి వాయిస్ మెసేజే మేలంటారు. నిజమే, కానీ ఆ హోరులో అది వినేదెట్లా? రాత్రి ఇంటికెళ్లి వినేసరికి పేర్ల నమోదు ముగిసిపోవచ్చు.