అత్తగారి పింఛను, మావారి పింఛను



నెల మొదటి తారీఖు వచ్చినదన్న మా యింటను, మా వాకిటను కలిపి మూడు పింఛనులు మాకు జ్ఞప్తికి వచ్చును. మొదటిది మా అత్తగారిది. మా మామగారు జిల్లాపరిషత్తు పాఠశాలలో ఉపాధ్యాయులుగ నుండి 2006లో పదవి విరమించి, కొన్నియేండ్లకు కాలధర్మము నొందిరి. నాటినుండి ఆమెకు కుటుంబ పింఛను వచ్చుచున్నది. రెండవది, మాకు ఆకుకూర లమ్ము ముసలమ్మకు ప్రభుత్వమువా రిచ్చు వృద్ధాప్య పింఛను. మూడవది యింకను పుట్టలేదు. అది మావారు అరువదిరెండేండ్లు నిండి బడి విడుచునాడు పుట్టవలసినది. మాకు బెంగయంతయు ఈ మూడవదానిని గూర్చియే.

మా అత్తగారి పింఛను సాధారణ నియమము ననుసరించి మామగారి చివరి మూలవేతనములో నూటికి 30 వంతులకు లెక్కకట్టినది. పెద్ద మొత్తమేమియు కాదు. అయినను ధరలు పెరిగినకొలది దానిపై కరువుభత్యము పెరుగును. మంజూరు ఆలస్యమగుట కలదు గాని, పెరుగుట తప్పదు. జీతముల సవరణ జరిగినపుడు పింఛనును సవరింపబడును. ఆమె చదివినది నాలుగవ తరగతియే. బ్యాంకు పుస్తకము మాత్రము తన ట్రంకుపెట్టెలో పట్టుచీరల నడుమ దాచుకొని, పద్దు పడినదినమున కండ్లజోడు తుడుచుకొని తానే చూచుకొనును. తన మందులు తన డబ్బుతో తెప్పించుకొనును. మనుమరాలి పుట్టినదినమునకు పరికిణీగుడ్డ కొనును. పండుగకు ఆడబిడ్డ వచ్చినపుడు చీర పెట్టవలెనా, రొక్క మీయవలెనా యను ప్రశ్నకు తీర్పు ఆమెదే. ఒక్కొక్కప్పు డాతీర్పు మాకు నచ్చకపోవుటయు కలదు, దాచనేల? కాని మా యింట నామె మాట చెల్లుచున్నదన్న, అందులో పెద్దరికము కొంత, పింఛను కొంత.

ఏటేట తాను బ్రతికియున్నట్లు రుజువు చూపుట యొక్కటే ఆమెకు కష్టము. 2014లో జీవన్ ప్రమాణ్ అను పద్ధతి వచ్చినపిదప ఖజానా కార్యాలయమునకు పోవు పని తగ్గినది. వ్రేలిముద్ర వేసిన చాలును. అయితే ఏబదియేండ్లు అంట్లు తోమి, పిండి రుబ్బి, అరిగిన వ్రేళ్లకు ముద్ర యెక్కడిది? క్రిందటేడు ఒకచోట యంత్రము నాలుగుమారులు ఆమె వ్రేలిని గుర్తింపనొల్లలేదు. “నేను ఉన్నానో పోయానో దానికే తెలియాలి” అని ఆమె నవ్వినది. అచ్చటి గుమాస్తా మాత్రము నవ్వలేదు.

ఇక ఆకుకూరల ముసలమ్మ సంగతి. 1995 ఆగస్టు 15వ తేదీని కేంద్రప్రభుత్వమువారు దిక్కులేని వృద్ధులకు నెలకు 75 రూపాయల సహాయ మారంభించిరి. 60 మొదలు 79 ఏండ్లవారికి నేడు కేంద్రమువారి వాటా 200 రూపాయలే. తక్కినది రాష్ట్రములు తమ శక్తికొలది కలుపుచున్నవి. ఆంధ్రప్రదేశములో ఆ మొత్తము 2014లో 1,000, 2019లో 2,000, 2024 జూలైలో 4,000 రూపాయలైనది. సచివాలయపు ఉద్యోగి ఒకటవ తారీఖున ఇంటికి వచ్చి చేతికిచ్చి పోవును. “ఒకటో తారీకున నా కోడలు నన్ను ‘అత్తా’ అంటాదండమ్మా, మిగతా రోజులు ‘ముసల్దానా’ అంటాది” అని ఆమె మా గుమ్మములో గంప దించుచు చెప్పినది. ఇదివరలో భర్త పేర పింఛను వచ్చునింట భార్యకు వేరుగ రాకుండెడిది; అతడు పోయిన, ఆమె వితంతువుల జాబితాలో చేరుటకై మరల కాళ్లరుగ తిరుగవలసియుండెడిది. పింఛనుదారు చనిపోయిన, మరుసటి నెలనుండియే భార్యకు దానిని మార్చు ఏర్పాటు 2024 చివర వచ్చినది. ఈ ప్రభుత్వముది మేలా, ఆ ప్రభుత్వముది మేలా యను తర్కము మగవారు రచ్చబండమీద చేసికొందురు గాక. ఈ చిన్నమార్పు మాత్రము మాకు మిక్కిలి సంతోషము కలిగించినది.

మావారి పింఛనుకు వత్తము. 2004 జనవరి 1వ తేదీనుండి కేంద్రోద్యోగులకును, అదే సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీనుండి మన రాష్ట్రోద్యోగులకును పింఛను పద్ధతి మారినది. ఆ తేదీకి పిదప చేరినవారి జీతభత్యములలో నూటికి పదివంతులు నెలనెలా విరచి, ప్రభుత్వమువారు తమ వాటా చేర్చి, ఆ సొమ్మును షేర్లలోను బాండ్లలోను పెట్టి పెంచుదురు. ఉపాధ్యాయులందరు సీపీఎస్ అని నిట్టూర్చునది దీనినే. మావారు చేరినది 2012లో.

ఇట్లేల మార్చిరని మే మడుగగా, ప్రభుత్వమువారి పక్షము కూడ మావారే చెప్పిరి. పాతపద్ధతిలో ఉద్యోగి యేమియు చెల్లింపనక్కరలేదు. ఏటి రాబడిలోనుండియే ఆ యేటి పింఛనులు పోవును. మనుష్యుల ఆయుర్దాయము పెరిగినది. విరమించినవారి సంఖ్య పెరిగినది. బడిపైకప్పు బాగుచేయుటకును ఆ ఖజానాయే ఆధారము కదా! ఈ వాదమును మేము త్రోసివేయము. కాని 1982 డిసెంబరు 17వ తేదీని నకారా యను విశ్రాంతోద్యోగి వ్యాజ్యములో సుప్రీంకోర్టువారు పింఛనన్నది ప్రభువులు దయతలచి యిచ్చు దానము కాదనియు, చేసిన సేవకు కలిగిన హక్కనియు తీర్పు చెప్పియున్నారు. బరువు తగ్గించుకొనుట వేరు, ఆ బరువును వృద్ధుల తలకెత్తుట వేరు.

లెక్క వేసి చూడనిదే ఇది బోధపడదు. ఉపాధ్యాయుని చివరి మూలవేతనము 60,000 రూపాయలనుకొందము. పాతపద్ధతిని పూర్తి సర్వీసు చేసినవానికి అందులో సగము, అనగా 30,000, పైగా కరువుభత్యము. క్రొత్తపద్ధతిని నిధి 50 లక్షలు కూడినదనుకొందము. అందులో కనీసము నూటికి 40 వంతులు, అనగా 20 లక్షలు, బీమాసంస్థకిచ్చి నెలనెలా సొమ్ము వచ్చు ఏర్పాటు కొనుక్కొనవలెను. దీనిని యాన్యుటీ యందురు. ఏటికి నూటికి ఆరు చొప్పున వచ్చిన, నెలకు 10,000. సాధారణముగ ఆ పదివేలు జన్మాంతమువరకు పదివేలే. ధరలు ఏటేట నూటికి ఆరు చొప్పున పెరిగినచో పండ్రెండేండ్లలో రెట్టింపగును. అప్పుడు ఆ పదివేలకు నేటి అయిదువేల సరకు వచ్చును. మోకాళ్లు నొచ్చుకాలమునను, కంటిలో పొర వచ్చుకాలమునను చేతిలోని రూపాయి చిక్కిపోవునన్నమాట. ఈ అంకెలు మేము ఉదాహరణకు వేసికొన్నవే. నిధి ఎక్కువ కూడినవారికి ఎక్కువ వచ్చును.

మిగిలిన 30 లక్షలు చేతికి వచ్చును కదా యని మీరనవచ్చును. వచ్చును. దానిని కదల్పక వడ్డీకి వేసి, ఆ వడ్డీతో తిన్నచో భేదము చాలవరకు పూడును. కాని, అమ్మలారా, కదల్పక నిలుపగల యిల్లు మీ రెచ్చటనైన చూచితిరా? మా దగ్గర బంధువొకరు ప్రైవేటు కంపెనీలో పనిచేసి విరమించునాడు భవిష్యనిధి సొమ్ము తీసికొనిరి. నెలతిరుగకమునుపే కుమారుడు అపార్టుమెంటునకు బయానా కావలెననెను. రెండవ కుమార్తె పెండ్లి కుదిరెను. ఎవరును దుర్మార్గులు కారు. ఎవరి యక్కర వారికి నిజమే. రెండేండ్లు గడచునప్పటికి ఆయన భార్య కండ్లజోడు మార్చుకొనుటకై కోడలి ముఖము చూడవలసివచ్చెను. మొన్న పెండ్లిలో ఆమె మాకు కనబడినది. జోడునకు ఒకవైపు కొమ్మ లేదు, దారముతో కట్టుకొన్నది.

నెలకింతయని వచ్చునది వృద్ధురాలి కొంగున నిలుచును. గుట్టగా వచ్చునది ఇల్లందరిది. చట్టము చేసినవారిలో పెక్కురు పురుషులు. వారికి ఈ భేదము తట్టియుండదు.

ఈ కష్టము ఎరుగబట్టియే కాబోలు, రాజస్థానము, ఛత్తీస్‌గఢము 2022లో పాతపద్ధతికి మరలుటకు నిర్ణయించినవి. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ గ్యారంటీ పింఛను బిల్లు ఆమోదించినపుడు ఉపాధ్యాయ సంఘములు పాతదే కావలెననిరి. కేంద్రోద్యోగులలో కోరుకొన్నవారికి 2025 ఏప్రిల్ 1వ తేదీనుండి మరియొక పద్ధతి వచ్చినది. అందులో 25 ఏండ్లు పనిచేసినవారికి చివరి పండ్రెండు నెలల సగటు మూలవేతనములో సగము నిశ్చయము, కరువుభత్యమును కలదు, ఉద్యోగి పోయిన, అతని పింఛనులో నూటికి 60 వంతులు భార్యకు లేక భర్తకు వచ్చును.

ఈ చివరి మాటవద్ద మేము ఆగితిమి. భర్త పోయినపిదప భార్యకేమి? మా అత్తగారికి అడుగకయే వచ్చినది. మాకో, మావారు ఏ విధమైన యాన్యుటీ కొందురో దానిని బట్టి వచ్చును. ఒక విధమున ఆయన జీవించినంతకాలము మాత్రమే వచ్చును. నెలసొమ్ము కొంచె మెక్కువ. మరియొక విధమున భార్య బ్రతికియున్నంతవరకు వచ్చి, ఆమె పిదప పెట్టిన సొమ్ము వారసులకు చేరును. నెలసొమ్ము కొంచెము తక్కువ. ఒకమారు కుదుర్చుకొన్న పిదప మార్చుకొనుటకు సాధారణముగ వీలుండదు. ఆ కొంచె మెక్కువకు ఆసపడి మొదటిదానిపై సంతకము చేయువా రుండవచ్చును. సంతకము చేయునాడు భార్య ప్రక్కన నుండవలెనని మా పట్టు.

ఇదంతయు చదివి, ఆదివారమునాడు మావారి కాగితముల సంచి క్రిందికి దింపించితిమి. “అవన్నీ ఆఫీసులో చూసుకుంటారులే” అని వారనిరి. నామినేషను కాగితమున మా పేరు లేదు. మా అత్తగారి పేరున్నది. ఉద్యోగములో చేరునాటికి మా వివాహము కాలేదు. వివాహమైనపిదప నామినేషను క్రొత్తగ వ్రాయవలెనని నియమము, పాతది చెల్లదట. పదియేండ్లకు మించి ఆ సంగతి ఎవరికిని తోచలేదు. అత్తగారి పేరు తీసి మా పేరు వ్రాయుడని అడుగుటకు మాకు నోరాడలేదు. అటక క్రింద కూర్చుండి చిక్కుడుకాయలు ఈనెలు తీయుచున్న ఆమెయే వినినది.

“ఏరా, మీ నాన్న పోయినప్పుడు నా పేరు ఉంది గనక నేనిలా ఉన్నాను. నేను పోయాక ఆ కాగితం ఎవరికి చూపిస్తావు? రేపే అమ్మాయి పేరు రాయించు” అని కాయలపళ్లెము ప్రక్కకు నెట్టినది.

మావారు సోమవారము క్రొత్త కాగితము తెచ్చిరి. మా పేరు, పుట్టినతేదీ మేమే మా దస్తూరీతో వ్రాసితిమి. సంతకమునకై అది ఈ వ్రాతబల్లమీద, మా కలము ప్రక్కనే యున్నది; వారు బడినుండి రాగానే పెట్టించెదము.